మీకు తెలుసా? సుఖాన ఉన్న ప్రాణాన్ని కాస్త కష్టపెడితే...!

కాస్త దగ్గరికి రండి, ఒక సంగతి చెప్తా! అద్దంకి-నార్కట్‌పల్లి రోడ్డు మీద మాడుగులపల్లి టోల్‌గేటు ఉంది కదా! లారీలు, బస్సులు, ఏసీ కార్లు బారులు తీరే చోటు! కార్తీకం వచ్చిందంటే ఈ చుట్టుపక్కల ఏ ఊళ్లో చూసినా నల్లబట్టల స్వాములే! ఇంట్లో మంచం ఉంటుంది, చాప మీద పడుకుంటారు! గీజర్ ఉంటుంది, తెల్లారకముందే చన్నీళ్లు పోసుకుంటారు! గుమ్మం దగ్గర చెప్పులుంటాయి, కంకర మీద వట్టికాళ్లతో నడుస్తారు! ఒకటి రెండు రోజులు కాదు, 41 రోజులు! ఎవరూ బలవంతపెట్టలేదు! ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి! అసలు కిటుకంతా అందులోనే ఉంది!

నమ్మరా? అయితే ఎలుకల కథ వినండి! చక్రం ఇస్తే ఎలుకలు వాటంతట అవే ఎక్కి పరుగెడతాయి. హాయిగా ఉంటాయి! అదే ఎలుకలను ట్రెడ్‌మిల్ మీద పెట్టి 8 వారాలు బలవంతంగా పరుగెత్తించారు శాస్త్రవేత్తలు. ఒంటికి కొంత మేలు జరిగింది. కానీ లోపల ఒత్తిడి గుర్తులు కూడా కనిపించాయి! అడ్రినల్ గ్రంథులు పెరిగాయి! పరుగు ఒకటే. ఇష్టపడి పరుగెత్తడం వేరు, తరిమితే పరుగెత్తడం వేరు!

బోనులో ఉన్న ఎలుకకు వేరే పని లేక చక్రం ఎక్కుతుందేమో అంటారా? నెదర్లాండ్స్ వాళ్లకూ అదే అనుమానం వచ్చింది! ఆరుబయట, ఎవరూ లేని చోట ఒక చక్రం పెట్టి కెమెరా బిగించారు. చుట్టుపక్కల చిట్టెలుకలు వచ్చి ఎక్కి పరుగందుకున్నాయి! కప్పలు కూడా ఎక్కాయి! ఒక పరుగైతే ఏకబిగిన 18 నిమిషాలు సాగింది! పిల్లి తరమలేదు, ఎవరూ అదిలించలేదు!

ఇప్పుడు మన నల్లగొండ జిల్లాకు వద్దాం! 1951 ఏప్రిల్‌లో వినోబా భావే హైదరాబాద్ దగ్గరి శివరాంపల్లి సభకు రావాలి. వార్ధా నుంచి రైలుంది! టికెట్ కొనిచ్చేవాళ్లున్నారు! ఆయన మాత్రం నడుస్తానన్నారు. యాభై అయిదేళ్ల మనిషి, బక్కపలచని ఒళ్లు! దాదాపు 500 కిలోమీటర్లు! నడిచే వచ్చారు!

ఆ నడక ఏం తెచ్చిందో చూడండి! సభ అయ్యాక ఆయన మళ్లీ నడుస్తూనే నల్లగొండ జిల్లాలోకి వచ్చారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో ఆగారు. దళితవాడ వాళ్లు ఎనభై ఎకరాలు కావాలని అడిగారు. ఊళ్లో ఎవరైనా ఇస్తారా అని వినోబా అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నిలబడ్డారు! అడిగిందానికన్నా ఎక్కువే, 100 ఎకరాలు ఇస్తానన్నారు! భూదానోద్యమం అక్కడే పుట్టింది! రైల్లో వచ్చి రైల్లో వెళ్లిపోయి ఉంటే పోచంపల్లిలో ఆయన ఆగేవారా? నాకైతే ఆ పాదాలే ఈ ఉద్యమాన్ని మొదలుపెట్టాయనిపిస్తుంది!

అక్కడితో ఆగారా? లేదు! ఊరూరా, రాష్ట్రం తర్వాత రాష్ట్రం, ఎండనక వాననక నడుస్తూనే ఉన్నారు! ఎన్నాళ్లో ఊహించండి! దాదాపు 13 ఏళ్లు!

అప్పట్లో ఇదే జిల్లాలో ఉన్న బొల్లేపల్లి వాసి రావి నారాయణరెడ్డి సంగతి ఇంకా ఆశ్చర్యం! భూస్వాముల ఇంట్లో పుట్టారు. కాలు మీద కాలేసుకుని బతికే వీలుంది! తన సొంత భూమి 500 ఎకరాలు పేదలకు పంచేశారు! తెలంగాణ సాయుధ పోరాటంలోకి దిగి అజ్ఞాతవాసం చేశారు. తర్వాత తొలి లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. నల్లగొండ జనం ఏం చేశారో తెలుసా? నెహ్రూకు వచ్చిన ఓట్లకన్నా ఎక్కువ ఓట్లు ఆయనకు వేశారు!

ఆయన్నే మించిన ఆడబిడ్డ గురించి విన్నారా? తుంగతుర్తి వైపు కరివిరాల కొత్తగూడెం. దొరల ఇంటి పిల్ల మల్లు స్వరాజ్యం! మెత్తటి పరుపు వదిలేసి అడవి దారి పట్టింది! తుపాకి పట్టింది! రాజక్క అని మారుపేరు పెట్టుకుని కోయ గూడేల్లో తిరిగింది! పట్టిచ్చిన వాళ్లకు ఎంత ఇస్తామన్నారో తెలుసా? ఆ రోజుల్లో 10,000 రూపాయలు! ఎవరికీ దొరకలేదు! తర్వాత అదే తుంగతుర్తి నుంచి ఎమ్మెల్యేగా గెలిచింది!

మరి కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య? 1952లో రాజ్యసభకు వెళ్లారు. పార్లమెంటుకు దేని మీద వెళ్లేవారో తెలుసా? సైకిల్ మీద! అంతకుముందే వాటాకొచ్చిన ఆస్తిని పార్టీకి ఇచ్చేశారు!

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. గతిలేక పడే కష్టం వేరు! దాన్ని గొప్ప అనడం పాపం! ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మన నల్లగొండ పల్లెల వాళ్లు ఆ బాధను కోరుకున్నారా? లేదు! అందుకే 1996లో వాళ్లేం చేశారో వినండి. మంచినీళ్ల కోసం ఒక్క నల్లగొండ లోక్‌సభ స్థానానికే జనం వరసకట్టి నామినేషన్లు వేశారు! బరిలో మొత్తం 480 మంది నిలిచారు! బ్యాలెట్ కాగితం కాస్తా పుస్తకమైంది! నెత్తిన పడ్డ కష్టాన్ని దించుకోవడానికి నెత్తికెత్తుకున్న కష్టం అది!

ఇప్పుడు పైకి చూడండి, ఇంకా పైకి! నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం. మాలావత్ పూర్ణ! లంబాడా పిల్ల, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువు. మన భువనగిరి ఖిల్లా బండ ఉంది కదా, నున్నగా, ఏనుగు వీపులా! ఆ బండ మీదే మొదట తాడు పట్టుకుంది! కోచ్ శేఖర్‌బాబు నేర్పారు. 2014 మే 25న ఎక్కడుందో తెలుసా? ఎవరెస్టు నెత్తిన! అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు!

ఆ కొండ మీద ఆ పిల్లను అన్నిటికన్నా ముందు ఏం ఇబ్బంది పెట్టిందో తెలుసా? చలి అనుకుంటున్నారు కదూ! కాదు! ప్యాకెట్లలో వచ్చే తిండి! ఆ సూప్‌ల వాసనకే కడుపులో తిప్పిందట! అయినా తిన్నది, ఎక్కింది! ఎవరెస్టుతో ఆగిందా అంటే అదీ లేదు! 2022 నాటికి 7 ఖండాల్లోనూ అన్నిటికన్నా ఎత్తైన శిఖరాలు ఎక్కేసింది!

అదే భువనగిరి బండ ఇంకో అమ్మాయిని కూడా తయారుచేసింది! పడమటి అన్వితారెడ్డి! రైతు బిడ్డ, ఎర్రంబెల్లి ఊరు. ఆ బండ మీద నేర్చుకుంది, అక్కడే ఇతరులకు నేర్పింది. 2022 మే 16న ఎవరెస్టు ఎక్కింది! అప్పుడామెకు 24 ఏళ్లు! ఈసారి రైల్లో భువనగిరి దాటేటప్పుడు కిటికీలోంచి ఆ బండను ఒకసారి చూడండి!

అయ్యో, మా వయసు దాటిపోయింది అంటారా? గోలి శ్యామల గారి గురించి వినలేదన్నమాట! హైదరాబాద్‌లో ఉంటారు. నలభై దాటాక ఈత నేర్చుకున్నారు! ఔను, నలభై దాటాక! 2021లో శ్రీలంక తీరం నుంచి ధనుష్కోటి వైపు పాక్ జలసంధిని ఈదేశారు. నీళ్లలో ఎంతసేపున్నారో తెలుసా? 13 గంటల 43 నిమిషాలు!

మరి కొన్నేళ్లకు ఆవిడ ఇంకేం చేశారో కూడా చెప్పనివ్వండి! విశాఖపట్నంలో సముద్రంలో దిగారు. రోజుకింత చొప్పున ఈదుకుంటూ వెళ్లి కాకినాడలో తేలారు! దూరం? 150 కిలోమీటర్లు! రైలెక్కితే హాయిగా కిటికీ పక్కన కూర్చుని పోవచ్చు!

సుఖం మంచిదే కదా, ఎందుకీ తిప్పలు అంటారేమో! అయితే ఇది వినండి, గుండె ఝల్లుమంటుంది! 1966లో అమెరికాలోని డల్లాస్‌లో అయిదుగురు ఇరవై ఏళ్ల కుర్రాళ్లను మంచం మీదే పడుకోమన్నారు. మూడు వారాలు! లేవొద్దు, పనిచెయ్యొద్దు! తర్వాత పరీక్షలు చేశారు. గుండె, ఊపిరి సత్తువ దారుణంగా పడిపోయింది! అదే అయిదుగురిని చాలా ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షించారు. తేలిందేమిటో తెలుసా? మూడు వారాల పడక చేసినంత చేటు, 30 ఏళ్ల వయసు కూడా చెయ్యలేదు!

అంతరిక్షంలో బరువే ఉండదు! తేలిపోవచ్చు! ఎంత హాయి! ఆ హాయికి ఎముకలు నెలనెలా కరిగిపోతాయి! తెలంగాణ మూలాలున్న వ్యోమగామి రాజాచారి 2021లో అంతరిక్ష కేంద్రానికి వెళ్లారు, ఆరు నెలల దాకా ఉన్నారు. అక్కడ ఎవరున్నా సరే, కసరత్తు తప్పనిసరి! రోజూ దాదాపు 2 గంటలు! బరువు లేని చోట బరువును యంత్రాలతో కొనితెచ్చుకుంటారు!

ఇంకో రహస్యం! మీరు కారం తింటారు కదా! నోరు మండాలి, ముక్కు కారాలి, అప్పుడే ముద్ద దిగాలి! అసలు కారం రుచే కాదు! నొప్పి! నిజం! వేడికి కాలినప్పుడు కేకపెట్టే నరాల తలుపు ఒకటుంది. 43 డిగ్రీలు దాటితే అది తెరుచుకుంటుంది. మిరపకాయ కూడా అదే తలుపు తడుతుంది! గుంటూరు మిరపకాయ బజ్జీ కొరికిన ప్రతిసారీ మీ నాలుక నిప్పంటుకుందనుకుంటుంది! ఆ తలుపు గుట్టు విప్పిన డేవిడ్ జూలియస్‌కు నోబెల్ కూడా వచ్చింది! మనం మాత్రం ఇంకో బజ్జీ అడుగుతాం!

శ్రావణంలో మిర్యాలగూడ చుట్టుపక్కల తండాలకు వెళ్లారా? తీజ్ పండుగ! పెళ్లికాని ఆడపిల్లలు చిన్న బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లుతారు. పొద్దున, సాయంత్రం పాటలు పాడుతూ నీళ్లు పోస్తారు. పచ్చటి మొలకలు బెత్తెడు లేస్తాయి! చూడముచ్చటగా ఉంటుంది! కానీ ఆ పిల్లలు ఏం తింటారో తెలుసా? ఉప్పు లేదు, కారం లేదు! చప్పిడి తిండి! 9 రోజులు! మన కూరలో ఒక్కపూట ఉప్పు తగ్గితే ఎంత గోల చేస్తామో గుర్తుతెచ్చుకోండి!

రోజా ఉండే మన ముస్లిం సోదరుల లెక్క ఇంకా వింత! రంజాన్ నెల ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. అంటే ఒకసారి చలికాలం, ఒకసారి వానాకాలం, ఒకసారి మండే మే నెల! నల్లగొండ ఎండల్లో పగలంతా మంచినీటి చుక్క ముట్టకుండా! ఆ చక్రం మళ్లీ మొదటికి రావాలంటే దాదాపు 33 ఏళ్లు! తాత పడ్డ మే నెల రోజాలు మనవడి చేతిలోకి వస్తాయన్నమాట!

కొలనుపాక జైన గుడికి వెళ్లే ఉంటారు. అక్కడికొచ్చే శ్వేతాంబర జైనుల్లో కొందరు పర్యూషణ పండుగకు 8 రోజులు ఏమీ తినరు! కాచి చల్లార్చిన నీళ్లే ఆధారం! పొద్దు గూకాక ఆ నీళ్లు కూడా ముట్టరు!

ఒక్కపొద్దు ఉండటం మన నాయనమ్మలకే తెలుసనుకున్నారా? రోమ్‌లో సెనెకా అని మహా ధనవంతుడు ఉండేవాడు. విందులు, తోటలు, నౌకర్లు! ఆయన తన స్నేహితుడికి ఏం చెప్పాడో తెలుసా? అప్పుడప్పుడు కొన్ని రోజులు చవక తిండి తిను, ముతక బట్ట కట్టు, ఇంతేనా నేను భయపడ్డది అని నిన్ను నువ్వే అడుగు అన్నాడు! ఈ మాట చెప్పి దాదాపు 2,000 ఏళ్లయింది! భయం పోవాలంటే భయపడ్డదాన్ని ముందే రుచి చూడాలన్నమాట! నాకు చాలా నచ్చిన ఉపాయం ఇది!

సూర్యాపేట దగ్గర ఫణిగిరి ఉంది. ఆ కొండ మీది శిల్పాలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లాయి! అక్కడి విహారాల్లో బౌద్ధ భిక్షువులు ఉండేవారు. కోరి కష్టపడాలనుకునే భిక్షువులకు బౌద్ధ గ్రంథాలు 13 నియమాలు చెప్పాయి! గుడ్డపేలికలు కుట్టుకుని కట్టడం ఒకటి. చెట్టు కింద ఉండటం ఒకటి. అన్నిటికన్నా వింతది ఏదో తెలుసా? నడుం వాల్చకపోవడం! నిద్ర కూడా కూర్చునే! అయితే ఇవి తప్పనిసరి కాదు. ఇష్టమైతేనే!

అదంతా పాతకాలం అనకండి! నాగార్జునసాగర్‌లో ఇప్పటికీ విపశ్యన కేంద్రం నడుస్తోంది! తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. ఫోన్ ఇచ్చెయ్యాలి. పుస్తకం లేదు, పెన్ను లేదు. పక్కవాడితో మాట కాదు కదా, సైగ కూడా చెయ్యకూడదు! 10 రోజులు! మధ్యలో ఒక దశ వస్తుంది. గంటసేపు చెయ్యి కదపకూడదు, కాలు కదపకూడదు, కళ్లు తెరవకూడదు! మోకాలు సలుపుతుంది, ముక్కు మీద దురద పుడుతుంది, అలాగే చూస్తూ కూర్చోవాలి! దీనికి ఫీజు కూడా లేదు! జనం వరసకట్టి పేరు రాయించుకుంటారు!

ఊరికే కూర్చోవడం కూడా కష్టమేనా అంటే, చెవి ఇటు పెట్టండి! 2014లో అమెరికాలో కొందరిని ఒక్కొక్కరినే ఖాళీ గదిలో పావుగంట కూర్చోబెట్టారు. ఆలోచించుకోండి, అంతే! గదిలో ఒక బటన్ ఉంది. నొక్కితే కరెంటు షాక్ కొడుతుంది! ముందే ఒకసారి రుచి చూపించారు. ఇది తగలకుండా ఉంటే డబ్బైనా ఇస్తామన్నవాళ్లే వీళ్లంతా! తీరా తలుపు మూశాక ఏమైందో తెలుసా? 18 మంది మగవాళ్లలో 12 మంది బటన్ నొక్కుకున్నారు! ఊరికే ఉండలేక! సాగర్‌లో కళ్లు మూసుకుని కూర్చున్న వాళ్ల సత్తా ఇప్పుడు అర్థమైందా!

చన్నీళ్ల మాటకొద్దాం! వాడపల్లిలో కృష్ణ, మూసీ కలిసే చోట కార్తీక స్నానాలు చూశారుగా! నెదర్లాండ్స్‌లో మూడువేల మంది మీద ఒక ప్రయోగం జరిగింది. వేన్నీళ్ల స్నానం చివర్లో చన్నీళ్లు పోసుకోమన్నారు. నెల రోజులు! ముప్ఫై సెకన్లు పోసుకున్నా, తొంభై సెకన్లు పోసుకున్నా ఫలితం ఒకటే! ఒంట్లో బాగాలేదని పనికి సెలవు పెట్టడం 29 శాతం తగ్గింది! జబ్బుపడ్డ రోజులేమీ తగ్గలేదు సుమా! జబ్బు ఉన్నా లేచి పనికి వెళ్లే ఓపిక వచ్చింది! గుండెజబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా చెయ్యకండి!

చెర్వుగట్టు జాతరలో అగ్నిగుండాలు చూశారా? నిప్పుల మీద భక్తులు నడుస్తుంటే గట్టు మీద నిలబడ్డ మన గుండె కొట్టుకుంటుంది! అది ఊరికే అనే మాట కాదు! స్పెయిన్‌లోనూ ఒక పల్లెలో నిప్పుల మీద నడుస్తారు. 38 మందికి గుండె కొలిచే పట్టీలు కట్టారు. నడిచేవాళ్లకూ కట్టారు, చూసేవాళ్లకూ కట్టారు. నిప్పుల మీద ఉన్నవాడి గుండె ఎలా కొట్టుకుందో, చూస్తున్న చుట్టాల గుండె, స్నేహితుల గుండె అలాగే కొట్టుకుంది! ఊరికే చూడ్డానికొచ్చిన బయటివాళ్ల గుండెకు మాత్రం ఆ తాళం కుదరలేదు!

తిరుమలకు బస్సుంది, కారుంది. నడిచేవాళ్లు తగ్గారా? తగ్గలేదు! అలిపిరి నుంచి మెట్లెన్నో తెలుసా? 3,550! మధ్యలో మోకాళ్ల పర్వతం వస్తుంది. అక్కడ పాదాలతో కాదు, మోకాళ్లతో ఎక్కేవాళ్లుంటారు! ఒక్కో మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెడుతూ వంగి లేచి వంగి లేచి ఎక్కే తల్లులూ ఉంటారు! పైకొచ్చాక వాళ్ల ముఖం చూడండి! చెమటా, నవ్వూ ఒకేసారి కనిపిస్తాయి!

పిల్లలున్నవాళ్లు ఇది తప్పక వినాలి! పాఠాన్ని మళ్లీ మళ్లీ చదవడం సుఖం. పుస్తకం మూసి అప్పజెప్పడం కష్టం! గుర్తురాదు, తడబడతాం, చెమటలు పడతాయి! 2006లో అమెరికాలో రెండు గుంపులను పోల్చారు. ఒక గుంపు నాలుగుసార్లు చదివింది. ఇంకో గుంపు ఒకసారి చదివి మూడుసార్లు చూడకుండా గుర్తుచేసుకుంది. వారం తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లకు 40 శాతమే గుర్తుంది, తడబడ్డవాళ్లకు 61 శాతం! మన పాతకాలం పంతుళ్లు గోడ దగ్గర నిలబెట్టి అప్పజెప్పించింది ఇందుకే! బెత్తం ఒక్కటి మినహా ఆ పద్ధతి బంగారం!

వ్యాయామం చేసేవాళ్లకు ఇంకో చిత్రం! కసరత్తు చేస్తే కండరాల్లో ఒక రకం రసాయన ఒత్తిడి పుడుతుంది. దాన్ని అణిచేస్తే మంచిదే కదా అని జర్మనీలో కొందరు కుర్రాళ్లకు 4 వారాలు కసరత్తుతో పాటు విటమిన్ సి, ఇ మాత్రలు ఇచ్చారు. తీరా చూస్తే, కసరత్తు వల్ల చక్కెర అదుపులోకి రావాల్సిన మేలు రానేలేదు! మాత్రలు వేసుకోనివాళ్లకే వచ్చింది! ఒళ్లు గట్టిపడటానికి ఆ ఒత్తిడే కబురు మోస్తుంది!

మనుషులకే కాదు, మన వరికీ ఇదే వర్తిస్తుంది! సాగర్ ఎడమకాలువ కింద మడి అంటే నిండా నీళ్లుండాలనే మన లెక్క. ఆరుతడి పద్ధతిలో ఏం చేస్తారో దగ్గరికెళ్లి చూడండి! మడిలో చిల్లులు పెట్టిన పైపు ముక్క ఒకటి పాతుతారు. అందులోకి తొంగిచూస్తే నేల కింద నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కనిపిస్తుంది. పైన నీళ్లు ఇంకిపోతాయి. మట్టి సన్నగా నెర్రెలిస్తుంది. రైతు గుండె ఆగదు! అయినా మోటార్ వెయ్యడు! పైపులో నీళ్లు నేలకు 15 సెంటీమీటర్ల లోతుకు దిగాకే మళ్లీ తడి! వేర్లు నీటిని వెతుక్కుంటూ కిందికి పోతాయి! నీళ్లు బోలెడు మిగులుతాయి, దిగుబడి మాత్రం తగ్గదు! ఒక్క పూతదశలో మాత్రం వరిని దాహంతో ఉంచకూడదు. అప్పుడు మడిలో నీళ్లు నిలవాల్సిందే!

సిగ్గుపడటం కూడా కష్టమే కదా! షికాగోలో అప్పటికప్పుడు నాటకమాడే క్లాసులున్నాయి. 557 మంది నేర్చుకునేవాళ్ల మీద 2022లో వచ్చిన పరిశోధన ఇది. కొందరికి ఒకే ఒక్క ముక్క చెప్పారు. ఇబ్బందిగా అనిపించడమే ఈ రోజు మీ పని, అలా అనిపిస్తే పని జరుగుతున్నట్టే అని! అంతే! వాళ్లు వేదిక మీద ఎక్కువసేపు నిలబడ్డారు, ఎక్కువ సాహసం చేశారు! మైకు ఇస్తే కాళ్లు వణికే వాళ్లెవరైనా మీ ఇంట్లో ఉంటే ఈ ముక్క వాళ్ల చెవిన వెయ్యండి!

ఇక కూర్చునే తీరు సంగతి చూద్దాం! టాంజానియాలో హడ్జా అనే వేటగాళ్ల తెగ ఉంది. వాళ్లూ మనలాగే రోజులో దాదాపు 10 గంటలు కూర్చునే గడుపుతారు! కానీ కుర్చీల్లో కాదు! నేల మీద, లేదంటే గొంతుక్కూర్చుని! కూర్చున్నా కండరాలు పనిచేస్తూనే ఉంటాయి! మన అమ్మమ్మలు పీట మీద కూర్చుని కూరలు తరిగినట్టే!

బ్రెజిల్ డాక్టర్లు ఇంకో అడుగు ముందుకేశారు! యాభై దాటిన 2,002 మందిని నేల మీద కూర్చుని లేవమన్నారు. ఏళ్ల తరబడి వాళ్ల ఆరోగ్యం గమనించారు. చేతులు, మోకాళ్లు బాగా ఆనించి లేచినవాళ్లు ఆ ఏళ్లలో ఎక్కువగా చనిపోయారు! సులువుగా లేచినవాళ్లలో చావులు చాలా తక్కువ!

ఆ పరీక్షకు మార్కులెన్నో తెలుసా? 10! కూర్చోవడానికి అయిదు, లేవడానికి అయిదు. చెయ్యి ఆనిస్తే ఒకటి పోయింది! మోకాలు ఆనిస్తే ఇంకొకటి పోయింది! ఇక మీ వంతు! ఇప్పుడే పత్రిక పక్కన పెట్టండి! పెద్దవాళ్లైతే పక్కన ఒకరిని నిలబెట్టుకోండి. చెప్పులు విప్పండి, నేల మీద కూర్చోండి, లేవండి! ఎన్నొచ్చాయి?